కుర్చీలో దొర, కిందికి దిగితే పున్నారావు

పున్నారావు బాబాయికి కూర్చోవడం తప్ప ఇంకే పనీ రాదని మా ఊళ్ళో అందరూ అంటారు. అందులో అబద్ధం లేదు. అయితే ఆయన కూర్చోవడం మనమంతా కూర్చున్నట్టు కాదు. మనం కూర్చుంటే కాలు ఊపుతాం, మెడ గోక్కుంటాం, ఎవరైనా పిలిస్తే తల తిప్పుతాం. ఆయన కూర్చుంటే ఇక అంతే. కాకి వచ్చి భుజం మీద వాలి, కాసేపు అటూ ఇటూ చూసుకుని, తన దారిన తాను పోతుంది.

చిన్నప్పుడు బళ్ళో మాస్టారు ఆయన చేత గోడకుర్చీ వేయించి, ఆ సంగతి మరిచిపోయి, తలుపులు వేసి ఇంటికి వెళ్ళిపోయారట. పొద్దుగూకే వేళకి వాళ్ళమ్మ వెతుక్కుంటూ వచ్చి కిటికీలోంచి తొంగిచూస్తే, గోడకి ఆనుకుని అలాగే ఉన్నాడట. "ఇంటికి రావేందిరా?" అంటే, "లెగమని చెప్పలా" అన్నాడట.

పెద్దయ్యాక మేకలు కాయడానికి పంపారు. ఆయన గట్టు మీద కూర్చున్నాడు, మేకలు పిడుగురాళ్ళ దాకా వెళ్ళాయి. తర్వాత దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీలో పనికి కుదిరాడు. అక్కడ రాయి పేల్చే ముందు సైరన్ వేస్తారు. ఆ రోజు సైరన్ మోగింది, అందరూ పరిగెత్తారు, బాబాయి మాత్రం అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని రాతి మీద కూర్చునే ఉన్నాడు. చుట్టూ రాళ్ళు పడ్డాయి. ఆయన మీద ఒక్కటీ పడలేదు. దుమ్ము తగ్గాక మేస్త్రీ వచ్చి చూసి, చేతులు జోడించి, "నాయనా, నువ్వు చస్తే నేను జైలుకి పోవాల. నీకు దణ్ణం పెడతా, ఇంటికి పో" అన్నాడట.

పెళ్ళిలోనూ ఇదే కథ. తతంగమంతా అయిపోయి, భోజనాలు అయిపోయి, పందిరి విప్పుతున్నా పెళ్ళికొడుకు పీటల మీద నుంచి లేవలేదు. "ఆ రోజు టెంటుహౌసోళ్ళు పీటలు తీసుకుపోతుంటే, ఈయన్ని కూడా బండెక్కించాల్సింది. నాకా తెలివి లేకపాయె" అంటుంది నరసమ్మ పిన్ని ఇప్పటికీ. పిన్ని క్షణం కూర్చోలేని మనిషి. అన్నం కూడా నిలబడే తింటుంది. దేవుడు ఇద్దరికీ సమానంగా పంచాల్సిన కదలికంతా పొరపాటున ఒక్క మనిషిలో పెట్టేసినట్టు ఉంటుంది ఆమెను చూస్తే.

యాభై ఏళ్ళు వచ్చేదాకా బాబాయి జీవితం అలా గడిచింది. అప్పుడు రాయుడి మేడ మ్యూజియం అయింది.

రాయుడి మేడ మా ఊరి చివర, మాచవరం నుంచి వచ్చే రోడ్డు పక్కన ఉంటుంది. వందేళ్ళ కిందట చెన్నరాయుడు అనే దొర కట్టించాడు. ఆయన ఒకసారి మద్రాసు వెళ్ళి, ఎవరో తెల్లదొర బంగళాలో తోట చూశాడట. గీత గీసినట్టున్న దారులు, నలుచదరం మళ్ళు, నడుమన గుండ్రటి నీటితొట్టి, మళ్ళ చుట్టూ నడుమెత్తున పచ్చని గోడల్లాగా కత్తిరించిన మొక్కలు. అలాంటిదే తనకీ కావాలని, ఊటీ నుంచి మొక్కలు తెప్పించాడు. మా ఎండలకి అవి ఒక్క వేసవి కూడా ఆగలేదు. రెండోసారి తెప్పించాడు, రెండోసారీ పోయాయి. మూడోసారి తోటమాలి ఎవరినీ అడక్కుండా గోరింట నాటి కత్తెర వేశాడు. అది బతికింది. బతకడమే కాదు, ఊరంతటికీ సరిపోయేంత పెరిగింది. ఆషాఢమాసంలో ఊరి ఆడవాళ్ళు వచ్చి ఆకు కోసుకోవచ్చని దొరసాని మాటిచ్చిందట. ఆ మాట ఇప్పటికీ నడుస్తోంది. అందుకని మా ఊరి దొరల తోట ఏడాదిలో పది నెలలు మద్రాసులాగా, రెండు నెలలు కట్టెపుల్లల అడితిలాగా ఉంటుంది.

వారసులు వదిలేసిన ఆ మేడని విజయవాడలోని ఒక ట్రస్టు తీసుకుని బాగుచేసింది. మేనేజరుగా మా ఊరి ధనుంజయరావు గారిని పెట్టింది. ఆయన అంతకుముందు ఎరువుల కొట్టు నడిపేవారు. ఏ పురుగుకి ఏ మందు అని రైతు అడిగిందే ఆలస్యం, తెలిసినా తెలియకపోయినా చెప్పే అలవాటు ఆయనకు అక్కడే వచ్చింది. మ్యూజియంలో అది బాగా పనికొచ్చింది. ఎం.ఏ. తెలుగు పూర్తి చేసి, ఏం చేయాలో తేలక ఇంట్లో పుస్తకాలు చదువుకుంటున్న నన్ను ఆయనే పిలిచి, వస్తువుల ముందు పెట్టే కార్డులు రాయమన్నారు. మనుషులతో మాట్లాడక్కర్లేదు, ఉమ్మితొట్టి గురించి నాలుగు వాక్యాలు రాస్తే చాలు కదా అని ఒప్పుకున్నాను.

ప్రారంభోత్సవానికి ముందురోజు దొరగారి ఫైబర్ విగ్రహం లారీలో బయలుదేరింది. సిమెంటు లారీలు తవ్విపోసిన గోతుల మీదుగా అది మా ఊరు చేరేసరికి తల ఒక చోట, మొండెం ఒక చోట ఉన్నాయి. ధనుంజయరావు గారు మేడ మెట్ల మీద కూలబడ్డారు. తెల్లవారితే ట్రస్టు పెద్దలు వస్తారు. ఆయన తలెత్తి చూస్తే ఎదురింటి అరుగు మీద పున్నారావు బాబాయి కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. ఎవరూ గమనించలేదంతే.

"పున్నారావ్, రేపొక గంట దొరగారి కుర్చీలో కూచుంటావా?"

"కూచుని ఏం జెయ్యాల?"

"ఏం జెయ్యకూడదు."

బాబాయి ఆయన వైపు చాలాసేపు చూశాడట. తనకు వచ్చిన పనేదో తననే పిలిచి చెయ్యమనడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

అదృష్టం కొద్దీ చెన్నరాయుడు దొరకి కళ్ళజబ్బు ఉండేది. గోడ మీద పటంలో కూడా నల్లద్దాలే పెట్టుకుని ఉంటాడు. అందుకని రెప్పల బాధ తప్పింది. జరీ అంచు తలపాగా, మోకాళ్ళ దాకా కోటు, జిగురుతో అంటించిన మీసం, రెండు చేతుల కింద వెండిపొన్ను కర్ర. కుర్చీ ముందు, చెయ్యి చాచినా అందనంత దూరంలో తాడు కట్టారు. మర్నాడు పెద్దలు వచ్చి తాడు ఇవతల నుంచే పూలు చల్లారు. ఒకాయన "ఎంత సహజంగా ఉందో!" అన్నాడు. పక్కాయన తల అడ్డంగా ఊపి, "అంతా బాగానే ఉంది గానీ, మొహంలో జీవం లేదు" అన్నాడు.

ఆ గంట నాలుగేళ్ళు సాగింది.

విరిగిన విగ్రహం మొండేన్ని మిరపతోటలో దిష్టిబొమ్మగా పాతుకోమని ధనుంజయరావు గారు ఒక రైతుకి ఇచ్చేశారు. ట్రస్టు లెక్కల్లో మాత్రం ఆ విగ్రహం మేడలో నిక్షేపంగా ఉంది. బాబాయి పేరు వాచ్‌మన్‌గా రాసుకున్నారు. పది నుంచి ఐదింటి దాకా కూర్చోవాలి. మధ్యాహ్నం అన్నానికి లేచేటప్పుడు తలుపుకి "విగ్రహం శుభ్రపరచు సమయం" అని బోర్డు తగిలిస్తాం. ఆ బోర్డు నేనే రాశాను.

బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి తెలియదు గానీ, మా ఊళ్ళో ఈ సంగతి తెలియని మనిషి లేడు. తెలిసినా ఎవరూ తెలిసినట్టు ఉండరు. కుర్చీలో ఉన్నంతసేపూ ఆయన దొర. కిందికి దిగితే పున్నారావు. ఇది ఎవరూ కూర్చుని మాట్లాడుకున్న కట్టడి కాదు, దానంతట అదే కుదిరింది. జీవరత్నం తాత ప్రతి శనివారం టికెట్ కొనుక్కుని వచ్చి, తాడు ఇవతల స్టూలు వేసుకుని కూర్చుని, వాళ్ళ నాన్న పొలానికి నీళ్ళ వంతు రానివ్వలేదని దొరని గంటసేపు కడిగేసేవాడు.

"మా నాయన నీ ముందర చెప్పులిడిచి నిలబడ్డాడు. నేను చూడు, కూచునే మాట్టాడతన్నా. ఏంది, పలకవే?" అనేవాడు.

ఒక రోజు టీ కొట్టు దగ్గర బాబాయి కనిపిస్తే, తాత మామూలుగా, "మొన్న చెప్పా గదరా నీళ్ళ వంతు సంగతి. ఏమన్నా ఆలోచించావా?" అన్నాడు.

"నాకెప్పుడు చెప్పావ్ తాతా? దొరకి గదా చెప్పింది."

"అవున్లే" అని తాత టీ తాగి వెళ్ళిపోయాడు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

నరసమ్మ పిన్నికి ఈ ఉద్యోగం మరో రకంగా కలిసొచ్చింది. ఇంట్లో పోట్లాడితే బాబాయి కూర్చున్నచోటే కూర్చుని, చివరికి ఒక్క మాట అనేవాడు. ఆ ఒక్క మాటతో పిన్ని గంటసేపు పడ్డ శ్రమంతా వృథా అయ్యేది. ఇప్పుడు ఆమె మధ్యాహ్నం మూడింటికి, జనం పలచగా ఉన్నప్పుడు, తాడు దగ్గరికి వచ్చి పోట్లాడేది. ఆయన పలకడానికి లేదు. నాలుగేళ్ళలో అన్ని పోట్లాటలూ ఆమే గెలిచింది. గెలిచిన ఆడవాళ్ళ మొహంలో వచ్చే కళ ఒకటి ఆమెకూ వచ్చింది. ఆయన మీద ప్రేమ కూడా పెరిగినట్టుంది, కూరలో పీస్ పెద్దది పంపడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం మేడ తాళం వేసి వస్తుంటే బాబాయి నాతో అన్నాడు. ఆయన తనంతట తాను మాట్లాడటం చాలా అరుదు.

"జ్యోతమ్మా, ఇదివరకూ కూచునేవాణ్ణి, ఇప్పుడూ కూచుంటన్నా. అప్పుడు ఊరికే కూచున్నాడనేవాళ్ళు. ఇప్పుడు డ్యూటీలో ఉన్నాడంటన్నారు. ఇది పోయిందనుకో, మళ్ళీ నేను ఊరికే కూచున్నోణ్ణే."

ఆ ఉద్యోగం పోయే గండం తోటలోంచే వచ్చింది.

పోయినేడు ఆషాఢం మొదటి వారంలోనే ఆడవాళ్ళు తోట మీద పడ్డారు. రెండు రోజుల్లో మళ్ళ చుట్టూ పచ్చగోడలు మాయమై పుల్లలు మిగిలాయి. ఊరంతా రుబ్బురోళ్ళ చప్పుడు. నా చేతులకి కూడా మా అమ్మ పెట్టింది. గోరింటాకు పెట్టుకుంటే కదలకూడదు. కదిలితే కారి, గీతలు పడి, ముద్ద రాలిపోతుంది. ఆ లెక్కన మా ఊళ్ళో పున్నారావు బాబాయిని మించిన అర్హుడు లేడు. సోమవారం మ్యూజియానికి సెలవు. మధ్యాహ్నం ఆయన మంచం మీద వెల్లకిలా నిద్రపోతుంటే, పిన్ని తన చేతులకి పెట్టుకోగా మిగిలిన ముద్ద తెచ్చి ఆయన పది వేళ్ళకీ టోపీలు పెట్టింది, అరచేతుల్లో చందమామలు పెట్టింది. నిద్ర లేచేసరికి ఎర్రగా, నల్లగా, దివ్యంగా పండింది.

"ఇదేందే?" అన్నాడట బాబాయి.

"మిగిలింది. పారెయ్య బుద్ధి కాలా" అందట పిన్ని.

మర్నాడు, చెప్పా పెట్టకుండా, ట్రస్టు నుంచి సుకన్య గారు దిగారు.

ట్రస్టు నడిపే ఇలాంటి పాత మేడలన్నిటి మీదా సుకన్య గారే పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఏదైనా నచ్చితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు. ఆమె వచ్చింది తోట కోసం. తోటకి నీళ్ళ పైపులు వేయాలని మేం పెట్టుకున్న అర్జీ చూసి, ఫొటోలు తీసుకుందామని వచ్చారు. గేటు దాటగానే ఆమెకి నలుచదరంగా పాతిన పుల్లలు కనిపించాయి.

"ధనుంజయరావు గారూ, తోట ఏది?"

"ఇదేనండీ."

"ఆకులు?"

ధనుంజయరావు గారు తోట ఊడ్చే కోటేశ్వరమ్మ అత్త వైపు చూశారు. అత్త గబుక్కున తన ఎర్రటి చేతులు కొంగులో దాచుకుంది. ఆయన నా వైపు చూశారు. నేనూ దాచుకున్నాను. ఆ సమయంలో మా ఊళ్ళో దాచుకోవాల్సిన చేతులు కనీసం రెండు వేలు ఉంటాయి.

"ఊరి మీద ఉన్నయ్యండీ" అన్నారాయన చివరికి.

సుకన్య గారు లోపలికి నడిచారు. దొరసాని ఊయల, ఉమ్మితొట్టి, ఆగిపోయిన గోడ గడియారం చూసుకుంటూ హాల్లోకి వచ్చి, దొర ముందు ఆగారు. తాడు మీదుగా వంగి చూశారు. వెండిపొన్ను మీద ఒకదాని మీద ఒకటి పెట్టిన చేతులు. పండిన గోళ్ళు.

"ఈయన గోరింటాకు పెట్టుకునేవారా?"

ధనుంజయరావు గారిలోని ఎరువుల కొట్టు యజమాని ఒక్కసారిగా నిద్రలేచాడు. "పెట్టుకునేవారా అంటే ఏందండీ! అసలీ తోట వేసిందే అందుకు. ఆషాఢం రాగానే ఊరి ఆడపడుచులంతా ముందు దొరగారి చేతికి పెట్టి, తర్వాతే తాము పెట్టుకునేది. ఊరి ఆచారం. అందుకే ఏటా ఈ నెల విగ్రహానికి పెడతన్నాం. ఆకంతా అట్టా కోశాం. జ్యోతమ్మ కార్డు కూడా రాసింది. ఏమ్మా, రాశావు గదా?"

నేను తల ఊపాను. సుకన్య గారు తోటలో ఫొటోలు తీసుకుంటున్నంతలో కార్డు రాసి పెట్టాను. ఆమె తిరిగి వచ్చి చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇలాంటి వివరం ఎక్కడా దొరకదు" అని దొర చేతుల్ని దగ్గర నుంచి నాలుగైదు ఫొటోలు తీశారు. నెల తిరక్కుండా ట్రస్టు పత్రికలో 'గోరింట పెట్టుకున్న దొర' అని ఆమె వ్యాసం, పక్కనే బాబాయి చేతుల ఫొటో వచ్చాయి. పైపులు కూడా మంజూరయ్యాయి. బాబాయి తన వేళ్ళ ఫొటో కత్తిరించి గోడకి అంటించుకున్నాడు. పిన్ని దాన్ని అందరికీ చూపించి, "పెట్టింది నేనే" అనేది.

గోరింటాకు చర్మం మీద పదిహేను రోజులుంటుంది. గోటి మీద అలా కాదు, గోరు పెరిగేదాకా పోదు. ఈ సంగతి మా ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఒక్కరికీ గుర్తు రాలేదు.

వినాయక చవితి వెళ్ళిన వారానికి సుకన్య గారు మళ్ళీ వచ్చారు. పైపుల పని చూశారు, గోరింట చిగుర్లు చూసి సంతోషించారు. హాల్లోకి వచ్చి దొర ముందు నిలబడ్డారు. ఇంకో మంచి ఫొటో కోసం ఫోన్ ఎత్తారు. దించారు. పాత ఫొటో తీసి చూశారు. మళ్ళీ దొర వేళ్ళు చూశారు. ఆషాఢంలో గోరంతా ఎరుపు. ఇప్పుడు మొదట్లో సగం తెలుపు, చివర్న సగం ఎరుపు. పైగా గోళ్ళు వేలి కొసలు దాటి ముందుకొచ్చాయి.

"గోళ్ళు పెరిగాయి" అన్నారామె మెల్లగా.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. దొర అయితే అసలే మాట్లాడలేదు.

"ఫైబర్ గదండీ. మా ఎండలకి సాగుద్ది" అన్నారు ధనుంజయరావు గారు.

"గోళ్ళు మాత్రమే సాగుతాయా?"

"కొసలండీ. ఏదైనా ముందు కొసలే సాగేది."

ఆమె నా వైపు తిరిగారు. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వేమంటావమ్మా?"

"నేను కార్డులు మాత్రమే రాస్తానండీ" అన్నాను.

సుకన్య గారు తాడు పైకెత్తడానికి చెయ్యి వేశారు. ఒక్క అడుగు లోపలికి వేస్తే అయిపోయినట్టే. నల్లద్దాల వెనక బాబాయి ఏమనుకుంటున్నాడో తెలియదు గానీ, ఆయన మెడ మీద చెమట బొట్టు ఒకటి బయలుదేరి, కాలరు దగ్గర ఆగింది. అది కూడా కదలడానికి భయపడినట్టు.

అప్పుడు వరండాలోంచి కోటేశ్వరమ్మ అత్త చీపురుతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ముట్టుకోమాకమ్మా! దిష్టి తగిలింది! పేపర్లో బొమ్మ ఏశారు గదా, అంతమంది కళ్ళు పడ్డయ్. మా గేదెకి ఇట్టాగే దిష్టి తగిలి కొమ్ము వంకర పోయింది. గోళ్ళదేముంది? ఉండండి, ఒక్క నిమిషం!"

అత్త మంచి ఉద్దేశంతోనే అంది. మేనేజరు గారికి అది దేవుడు పంపిన మాటలాగా వినిపించింది. "అవునండీ, దిష్టి తీసేదాకా తాకకూడదు" అని తాడుకి అడ్డంగా నిలబడ్డారు. అత్త ఎదురింటి పొయ్యిలోంచి ఇనప గరిటె నిండా నిప్పులు తెచ్చింది. గుప్పెడు కళ్ళుప్పు, గుప్పెడు ఎండుమిరపకాయలు దొర చుట్టూ మూడుసార్లు తిప్పి, కుర్చీ పక్కనే పెట్టిన నిప్పుల్లో పోసింది. మా వైపు మిరపకాయ ఎలాంటిదో బయటివాళ్ళకి పచ్చడి దాకానే తెలుసు. పొగ సంగతి తెలియదు.

నాలుగేళ్ళుగా విగ్రహం, విగ్రహం అని చెప్పీ చెప్పీ మేమే నమ్మేశామేమో, ఆ కుర్చీలో రెండు ఊపిరితిత్తులు ఉన్నాయన్న సంగతి ఆ క్షణంలో మాకెవ్వరికీ తట్టలేదు. పొగ లేచింది. ముందు సుకన్య గారు, వెనక మేనేజరు గారు, ఆ వెనక నేను, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అత్త, అందరం తోటలోకి పరిగెత్తి గుండ్రటి తొట్టి చుట్టూ నిలబడి దగ్గాం. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. మా చుట్టూ చిగురు గోరింట మాత్రం మద్రాసు పద్ధతిలో చక్కగా వరసల్లో ఉంది.

అత్త చెయ్యెత్తి అందరినీ ఆపింది. మేడ వైపు చెవి పెట్టింది.

"చూశారా? లోపల దగ్గు వినపళ్ళా. మిరపకాయలు ఏసినా దొరకి ఘాటు తగల్లేదంటే చానా దిష్టి ఉన్నట్టు!"

"విగ్రహం ఎలా దగ్గుతుందండీ?" అన్నారు సుకన్య గారు ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడు మూడయింది. నరసమ్మ పిన్ని రోజూలాగే పోట్లాడటానికి గేటులోంచి వచ్చింది. కిటికీల్లోంచి వస్తున్న పొగ చూసింది, దగ్గుతున్న మమ్మల్ని లెక్కపెట్టుకుంది.

"లోపల ఎవరున్నారు?"

"దొర" అంది అత్త. చెప్పాక ఆమె మొహం పాలిపోయింది.

"దగ్గాడా?"

పిన్ని కొంగు నోటికి కట్టుకుని పొగలోకి దూసుకుపోయింది. తర్వాత మాకు కిటికీలోంచి మాటలు మాత్రమే వినిపించాయి.

"దగ్గవయ్యా! నీ దుంప తెగ, దగ్గు! ఉజ్జోగమూ వద్దు, పాడూ వద్దు!"

నిశ్శబ్దం.

"ఏందయ్యా ఇది, నన్ను బెదరగొడతన్నావా? పలకమాక, నాకు పలక్కపోయినా పర్లేదు. ఊపిరి తియ్యి."

పిన్ని గొంతు మారింది. ఆమె అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"నీకు దణ్ణం పెడతా. ఒక్కసారి దగ్గు. ఇంకెప్పుడూ నిన్ను ఊరికే కూచున్నావని అనను. నా మీద ఒట్టు."

అప్పుడు వచ్చింది. దగ్గు కాదు, తుమ్ము. నాలుగేళ్ళ తుమ్ములన్నీ దాచిపెట్టుకుని ఒక్కసారి వదిలినట్టు. కర్ర కిందపడ్డ చప్పుడైంది. జరీ తలపాగా వరండా దాకా దొర్లుకుంటూ వచ్చి మెట్ల మీద ఆగింది.

"చిరంజీవ!" అంది కోటేశ్వరమ్మ అత్త అలవాటుగా.

"చిరంజీవ" అన్నారు సుకన్య గారు కూడా. అనేశాక నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

ఆమె తొట్టి గట్టు మీద కూర్చున్నారు. ఆమె కళ్ళు తలపాగా మీదే ఉన్నాయి. ధనుంజయరావు గారు గొంతు సవరించుకుని, "అమ్మా, మీకో సంగతి..." అని మొదలుపెట్టారు.

"వద్దు. మీరు చెబితే నేను రిపోర్టులో రాయాలి" అన్నారామె. "ఆ వ్యాసం చదివి నలుగురు పరిశోధకులు గోరింట దొరని చూడ్డానికి వస్తామంటున్నారు. వాళ్ళకి నేనేం చెప్పను?" కిటికీ వైపు తిరిగి అడిగారు. "విగ్రహం బాగోగులు ఎవరు చూస్తారు?"

నరసమ్మ పిన్ని కిటికీలోంచి తల బయటికి పెట్టింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "నేనే."

"గోళ్ళు ఎందుకు తీయలేదు?"

"మంగళారం తియ్యకూడదు. శుక్రారం తియ్యకూడదు. శనారం ఆయనకి పడదు. శ్రావణమంతా నోములు, వంటలు. నాకు తీరొద్దా?"

"ఇవాళ ఏ వారం?"

"బుధారం."

సుకన్య గారు లేచి, చేతిసంచిలోంచి నెయిల్ కట్టర్ తీశారు. మెట్ల మీది తలపాగా తీసి దుమ్ము దులిపి లోపలికి నడిచారు. మేమూ వెనకాలే వెళ్ళాం. పొగ పలచబడింది. బాబాయి కర్ర మళ్ళీ చేతుల కింద పెట్టుకుని, ఎప్పటిలాగే నిటారుగా ఉన్నాడు. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. నల్లద్దాల కింద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు.

సుకన్య గారు తాడు ఎత్తి లోపలికి వెళ్ళారు. తలపాగా ఆయన తలకి పెట్టి, మీసం నొక్కి అంటించారు. కట్టర్ తెరిచి, ఆయనకి మాత్రమే వినబడేంత నెమ్మదిగా, "కొంచెం వేలు ఎత్తండి" అన్నారు.

ఆయన ఎత్తలేదు.

"పర్లేదండీ. నాకు అర్థమైంది. ఎత్తండి."

ఎత్తలేదు. ఐదు కావడానికి ఇంకా చాలా టైముంది.

సుకన్య గారు పిన్ని వైపు చూశారు. పిన్ని తల కొంచెం గర్వంగానే అడ్డంగా ఊపింది. అప్పుడు సుకన్య గారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని దొరగారి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆయన చూపుడు వేలిని తానే పట్టుకుని ఎత్తారు. అది బరువుగా, మాట వినకుండా, అచ్చం ఫైబర్ వేలులాగే లేచింది.